కూలి పసుపు

ఫిబ్రవరి 3, మంగళవారం

ఇవాళ కూడా మా నల్లా రాలేదు. పక్కింటి నల్లా వచ్చింది. వాళ్ల బిందె నిండి పొర్లి, ఆ నీళ్లు మా వాకిట్లోంచే మోరీలోకి పోయాయి. అత్త గడప మీద కూర్చుని వాటినే చూస్తోంది.

"తాగెతందుకు ఇయ్యరు గని కాళ్లు కడుక్కునెతందుకు పంపుతున్నరు" అంది.

కాలువకు పోయి నీళ్లు తెచ్చాను. దారిలో ఎవరూ పలకరించలేదు. పలకరించినవాళ్లకు జుర్మానా అని ఊరి కమిటీ డప్పు వేయించింది. రవి ఇంటికి నల్లా బంద్, కూలి బంద్, కిరాణం బంద్, మంగలి బంద్. మా ఆయన నవీపేట్ దగ్గర గోదావరిలో బాప్తిస్మం తీసుకున్నందుకు. గోడ మీది దేవుళ్ల పటాలు తీసి అత్త అర్రలో పెట్టినందుకు.

నేను పుట్టింట్లోనే ప్రభువును నమ్ముకున్నాను. ధర్పల్లి నుంచి కోడలిగా వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఆడదాని మొక్కు ఆడదానిది అన్నారు. ఆయన మునిగాకే కోపం. "పెండ్లాం కొంగు పట్టుకొని దేవుణ్ణి మార్చిండు" – కమిటీ పెద్ద నర్సన్న మాట. అని, నా కాళ్ల దగ్గర ఉమ్మాడు.

నేనేమీ అనలేదు. నేనెప్పుడూ ఏమీ అనను. అనాల్సింది ఆయన అంటాడు.

ఫిబ్రవరి 5, గురువారం

గంగవ్వ పసుపు కూలికి తీసుకుపోయింది. ఆమెది ఎడపల్లి అవతలి ఊరు. మా కమిటీ మాట ఆమెకు లెక్కలేదు. "మీ నర్సన్న నాకేమన్న మొగడా?" అంది.

చెరకు తోటల వెనక ఆ రైతు పొలం. తవ్విన పసుపు కుప్పలు కుప్పలుగా ఉంది. అందరూ మిషన్లు తెచ్చుకున్నా ఈ రైతు మాత్రం ఇంకా పెద్ద ఇనుప కడాయిలోనే ఉడికిస్తాడు. కింద చెరకాకు మంట.

మొదటి కడాయి కదా – కొబ్బరికాయ కొట్టారు. పొయ్యికి బొట్లు పెట్టారు. రైతు పెళ్లాం పళ్లెం పట్టుకుని కూలివాళ్లందరికీ బొట్టు పెడుతూ వస్తోంది. నా వరస దగ్గర పడుతోంది. ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఏందే పిల్లా, ముట్టయిందా?" అంది ఆమె.

తల ఊపాను.

"గట్లయితే కడాయి దగ్గర ఉండకు. అటు పో, ఆరబోసే తాన."

రోజంతా దూరంగా ఎండలో, ఉడికిన కొమ్ములు పరుస్తూ ఉన్నాను. బొట్టు తప్పింది. ఎంత తేలిగ్గా... నోటితో అబద్ధం కూడా ఆడలేదు. తల ఒక్కసారి కిందికి పోయింది, అంతే.

ఆయనకు చెప్పలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

నిజామాబాద్‌లో ఆరాధన. బోధన్ రోడ్డు మీది ఆ షట్టరు గది. చెప్పులు విడిచి లోపలికి పోయేసరికి ఆడవాళ్లు నా కాళ్లు చూశారు. మడమల దాకా పసుపు. చేతులకు మోచేతుల దాకా.

పాస్టరయ్యగారి భార్య దగ్గరకు వచ్చి నా గడ్డం పట్టుకుంది.

"ఇదేంటమ్మా? వెనక్కి వెళ్లిపోయావా?"

కళ్లలో నీళ్లు వచ్చాయి. ఏడుపు చూసి ఆమె నిజమే అనుకుంది. చాప మీద పక్కన కూర్చున్న ఆమె కొంచెం జరిగింది.

మగవాళ్ల వైపు నుంచి ఆయన నవ్వాడు. "అమ్మగారూ, అది కూలి పసుపు. పూజ పసుపు కాదు. ఉడకబెట్టె తాన పని చేస్తది." అందరూ నవ్వారు. అమ్మగారు నన్ను దగ్గరకు తీసుకుంది. "చెప్పొచ్చు కదా తల్లీ" అంది.

చెప్పొచ్చు. అవును.

ఫిబ్రవరి 10

మా కుక్క టైగర్‌ను కొట్టం దూలానికి ఉరేశారు. నాలుక బయట. అత్త కొడవలితో తాడు కోసింది. ఆయన గుంత తీశాడు. దారిన పోయే పిల్లలు ఆగి చూస్తుంటే వాళ్ల అమ్మ రెక్క పట్టి గుంజుకుపోయింది.

ఫిబ్రవరి 11

పొద్దు గూకే వేళ ఇంటి మీద రాళ్లు. పెంకులు పగిలాయి. ఒక ముక్క అత్త నుదుటి మీద. ఆమె పెద్ద బొట్టు మీదుగా రక్తం కారింది, ఏది బొట్టో ఏది రక్తమో.

సాయిలు బావ వచ్చాడు. ఆయనకు అన్న, కమిటీలో మనిషి. వాకిట్లో నిలబడి తమ్ముణ్ణి బతిమాలాడు.

"ఒక్క కొబ్బరికాయ కొట్టురా. లోపట నీ ఏసుకే మొక్కుకో. లోపట ఎవడు సూస్తడు?"

"నేను సూస్త" అన్నాడు ఆయన.

బావ తల కొట్టుకున్నాడు. "నీయవ్వ, నీ నోరే నిన్ను సంపుతది."

అత్త నుదుటికి గుడ్డ అదుముతూ లోపలి నుంచి – "నీయవ్వ అంటే నేనేరా. నేనింక సావలే."

ఫిబ్రవరి 12

రాయలేను.

ఫిబ్రవరి 14, శనివారం. నిజామాబాద్, ఆసుపత్రి

వరండాలో కూర్చున్నాను. మొన్నటిది ఇప్పుడు రాస్తున్నాను.

గురువారం సాయంత్రం. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి ఆయన బండి మీద పొలానికి వచ్చాడు. ఆఖరి కడాయి మరుగుతోంది. వెనకే ట్రాక్టర్ వచ్చింది. నర్సన్న, అతని మనుషులు. తలా ఒక చెరకు గడ. తోటలోంచి అప్పుడే విరిచినవి.

"ఏమిరా రవీ, మీ ఇంట్ల పసుపు బంద్ అయిందట?"

"మా ఇంట్ల సంగతి మా ఇంట్ల మాట్లాడుకుందం నర్సన్నా" అన్నాడు ఆయన. బండి స్టాండు వేయబోయాడు. అది పూర్తిగా వేసే లోపలే మోకాళ్ల మీద కొట్టారు.

గడలు విరిగేదాకా కొట్టారు. విరిగితే ఇంకొకటి. అంగీ చిరిగింది. వీపు మీద రక్తం, దాని మీద చెరకు రసం. "పిలువు నీ ఏసును, ఏ బస్సుకు వస్తడో అడుగు" అని నవ్వుతున్నారు. ఆయన నిజంగానే పిలుస్తున్నాడు. ప్రభువా, ప్రభువా అని. పిలిచినప్పుడల్లా ఇంకొక దెబ్బ.

"పసుపు లేని ఇల్లు పీనుగుల ఇల్లు. పా, మేమే పెడ్తం పసుపు."

పొయ్యి దగ్గరకు ఈడ్చారు. రైతు అడ్డం వచ్చాడు – "నా కడాయిల వద్దు, పసుపంత ఖరాబైతది!" పసుపు కోసమే అడ్డం వచ్చాడు. అతన్ని తోసేశారు. నర్సన్న తానే ఆయన కుడి చెయ్యి పట్టుకున్నాడు. కడాయిలోకి. మోచేతి దాకా.

అలాంటి అరుపు నేనెప్పుడూ వినలేదు. ఆయన గొంతు అని ముందు తెలియలేదు. ఆవిరిలో ముఖం కనపడలేదు.

గంగవ్వ నన్ను వెనక నుంచి పట్టుకుంది. "పోకు బిడ్డ, నిన్ను గూడ ఏస్తరు." ఆమెను తోసి నన్ను గుంజారు. జుట్టు పట్టి. "అసలు గిది తెచ్చింది ఈ పీడ" అన్నాడు నర్సన్న. నా మోకాళ్లకు పొయ్యి వేడి తగులుతోంది.

అప్పుడు వచ్చాడు సాయిలు బావ, పొలం గట్ల మీద పరుగెత్తి. నాకూ కడాయికీ మధ్యలో పడ్డాడు.

"మా మరదలు మొక్కింది నర్సన్నా! తిరిగొచ్చింది! పొద్దుగాల ఎల్లమ్మ తాన పసుపు వెట్టి మొక్కింది. నేను సూసిన. నమ్మవా? దాని చేతులు సూడు!"

నా చేతులు పట్టుకుని వాళ్ల ముందు చాచాడు. తిప్పి చూపించాడు. మోచేతుల దాకా పసుపు. గోళ్లలో పసుపు. వాళ్లంతా వంగి చూశారు. పసుపు పండించే ఊరివాళ్లు. కూలికి వచ్చిన చేతులు ఎలా ఉంటాయో తెలియనివాళ్లా! కానీ ఆ క్షణాన వాళ్లకు కావలసింది ఆ చేతుల్లో కనపడింది.

"నిజమేనానే?" అన్నాడు నర్సన్న.

బావ చెయ్యి నా మెడ మీద ఉంది. మెల్లిగా కిందికి నొక్కుతోంది. కానీ నొక్కినందుకు ఊగలేదు నా తల. నేనే ఊపాను. ఎవరికీ చెప్పను, ఇక్కడ రాస్తున్నాను. నేనే ఊపాను.

"గట్లుండాలె ఆడది అంటే" అని నా జుట్టు వదిలేశాడు.

బురదలో పడి ఉన్న ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. చూశాడు.

ఫిబ్రవరి 15, ఆదివారం

డాక్టరమ్మ కట్టు విప్పి నా మీద కోపం చేసింది. "కాలితే పసుపు పుయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలె మీకు? సూడు, మొత్తం లోపటికి పోయింది. ఇంటి వైద్యం చేసి చెయ్యి పోగొట్టుకుంటరు, మల్ల మా తానకొస్తరు."

ఆయన గోడ వైపు చూస్తున్నాడు. నేను నేల వైపు.

పోలీసాయన ఇవాళ వచ్చి అడిగాడు – ఎట్ల కాలింది? బావ ముందే చెప్పాడు, జారి పడ్డాడని. ఆయన కూడా అన్నాడు. "జారిన సార్." కేసు పెడితే అత్త ఒక్కతే ఉన్న ఇంటిని తగలబెడతారు. రాత్రే చెప్పి పంపారు.

పోలీసాయన నన్ను అడగలేదు.

చిరిగిన అంగీ మూటలోంచి తీస్తే చీమలు. చెరకు రసానికి.

ఫిబ్రవరి 17

ఎవరూ లేనప్పుడు అడిగాడు.

"భయమైందా?"

"అయింది."

"నాక్కూడ." కట్టు చూసుకుంటూ – "మంచిగ చేసినవ్. ఊపకుంటే నిన్ను గూడ ముంచేటోళ్లు."

తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా... ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా. మంచిగ చేసినవ్ అన్నాడు.

కుడి చేతి రెండు వేళ్లు ఇక వంగవట. చెరకు కొట్టే చెయ్యి.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఇంటికి వచ్చాం.

మా నల్లా వస్తోంది.

అత్త బిందెలు, బకెట్లు, గంజులు, చివరికి లోటాలు కూడా నింపి వరసగా పెట్టింది. కిరాణం ఆమె నన్ను చూసి నవ్వింది. "మంచిగైంది పిల్లా, మనసు మార్చుకున్నవ్" అంది. శక్కరి కట్టి ఇచ్చింది. ఊరంతా తెలుసు. కోడలు మొక్కింది.

బిందె తీసుకుని కాలువకు పోయాను.

"నల్లా ఉండంగ కాలువకెందుకే?" అని అత్త వెనక నుంచి అరిచింది. ఏం చెప్పను? ఆ నీళ్లు నా తల ఊపినందుకు వస్తున్నాయి. ఆయనకు, అత్తకు పోస్తాను. నేను తాగలేను.

ఫిబ్రవరి 22, ఆదివారం

పాస్టరయ్యగారు ఆయన కోసం ప్రార్థన చేయడానికి స్కూటర్ మీద వచ్చాడు. నర్సన్న మనుషులు ఊరి మొదట్లోనే ఆపారు. నేను కాలువ గట్టు మీది నుంచి చూశాను. హెల్మెట్ గుంజుకుని ఆ హెల్మెట్‌తోనే మూతి మీద కొట్టారు. మళ్లీ మళ్లీ. కింద పడితే కడుపులో తన్నారు. తెల్ల అంగీ ముందు భాగం ఎర్రగా అయింది. స్కూటర్‌ను కాలువలోకి తోశారు. అయ్యగారు పళ్లు దోసిట్లోకి ఉమ్ముకుని లేచి, నడిచి వెళ్లిపోయాడు. నన్ను చూశాడు. రావద్దని చెయ్యి ఊపాడు.

తుమ్మచెట్టు వెనక నిలబడ్డాను. బిందె అంచు పళ్లతో కొరుకుతూ. అరిస్తే వినపడే దూరమే.

ఫిబ్రవరి 27

నర్సన్న వాకిట్లోకి వచ్చాడు. కుర్చీ తెమ్మన్నాడు. కూర్చున్నాడు.

పసుపు కల్లాలయ్యాక ఎల్లమ్మ పండుగ. ఈసారి మొదటి బోనం మా ఇంటిదేనట. నేనెత్తాలి. ఊరంతా చూడాలి.

"నేనెత్తుకుంట" అంది అత్త. "పెండ్లయి వచ్చినప్పటిసంది ఏ ఏడు ఇడిసిన్నా? నా బోనం నేనెత్తుత, దానిది దాని ఇష్టం."

"ముసల్దాని బోనం ఎవనికి గావాలె? కోడలే ఎత్తాలె. మొక్కిందంటివి కద సాయిలూ?"

బావ గోడకు ఆనుకుని ఉన్నాడు. "ఎత్తుతది" అన్నాడు. నా వైపు చూడలేదు.

"ఎత్తకుంటే?" – ఇంట్లోంచి ఆయన గొంతు.

నర్సన్న లేచి కుర్చీని కాలితో తన్నాడు. "ఇంకొక చెయ్యి ఉన్నది గద నీకు."

మార్చి 2

మొన్నటిదాకా పసుపు కూలి చేసిన చేతులను చింతపండుతో తోమాను. బూడిదతో. గచ్చు మీద అరచేతులు రుద్దితే తోలు లేచింది కానీ పసుపు పోలేదు.

అత్త చూసింది. "రుద్దితె పోదే. ఎండల వెట్టు. ఎండకు పసుపు నిలవది."

వాకిట్లో చేతులు చాపి కూర్చున్నాను. దారిన పోయేవాళ్లు పిచ్చిదనుకున్నారేమో.

మార్చి 4

ఆయనకు ఎడమ చేత్తో అన్నం తినడం రావడం లేదు. కలిపి పెడితే తింటాడు. ఇవాళ ముద్ద నోట్లో ఉండగానే అన్నాడు – "ఎత్తుతవా?"

"ఎత్తకుంటే సంపుతరు."

"సంపుతరేమో."

"నువ్వేం చెప్తవ్?"

"నేను చెప్పి నువ్వు చేస్తే, గది నాదైతది. నీది గాదు."

కోపం వచ్చింది. ఎప్పుడూ ఆయనే కదా చెప్పేది. ఇప్పుడే ఎందుకు మానేశాడు? కంచం అక్కడే పెట్టి లేచి వచ్చాను. తర్వాత పోయి మిగిలింది తినిపించాను.

మార్చి 7

ప్రార్థన రావడం లేదు. మోకాళ్ల మీద కూర్చుంటే పొయ్యి వేడే గుర్తుకు వస్తోంది. ప్రభువా అంటే ఆయన అరుపే వినపడుతోంది. అయినా కూర్చున్నాను. మాట లేకుండా.

మార్చి 8, ఆదివారం, పొద్దున

చేతులు తెల్లబడ్డాయి. గోళ్ల మూలల్లో తప్ప ఎక్కడా లేదు. డప్పులు మొదలయ్యాయి.

మార్చి 8, సాయంత్రం

ఎడమ చెవి వినపడడం లేదు. రాయాలి.

డప్పులతో మా వాకిలికే వచ్చారు. నర్సన్న పెళ్లాం అలంకరించిన బోనం తెచ్చింది. కుండ చుట్టూ వేపాకు, పైన వెలిగించిన దీపం. ఆడవాళ్లంతా కొత్త చీరల్లో. పక్క ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలు కూడా. గంగవ్వ కూడా ఉంది ఎక్కడో.

"ఎత్తు" అన్నాడు నర్సన్న.

నేను ఏదో అన్నాను. నాకే వినపడలేదు.

"ఏందే? గట్టిగ చెప్పు, అందరు ఇనాలె."

డప్పులు ఆపించాడు, నేను ఒప్పుకోవడం అందరూ వినాలని. చెప్పాను.

"నేను మొక్కలే. ఆ దినం నా చేతులకు ఉన్నది కూలి పసుపు. మా బావ నన్ను బతికించెతందుకు అబద్ధమాడిండు. నేను తల ఊపిన. గది నా తప్పు. నేను ఏసయ్యను ఇడువలే." ఆగలేకపోయాను. నోరు ఒకసారి తెరుచుకున్నాక అదే మాట్లాడింది. "ఆయన జారలే నర్సన్నా. నువ్వు వట్టుకున్నవ్ చెయ్యి. నువ్వే ముంచినవ్."

చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెయ్యి సంగతి వాళ్లకు తెలియదు.

చెవి మీద కొట్టాడు. లోపల ఏదో పగిలినట్టు. కింద పడ్డాను. జుట్టు పట్టి ఎల్లమ్మ గద్దె దాకా ఈడ్చారు. దారి పొడుగునా రాళ్లు. కడుపులో ఎవరో తన్నారు. ముఖం గద్దెకు ఆనించి నోట్లో కుంకుమ కుక్కారు. ఊపిరి ఆడలేదు. దీపం నూనె మెడ మీద పడింది. "మొక్కు! మొక్కుతవా లేదా!" ఇంటి గుమ్మంలో ఆయన అరుపు, ఆయన్ను పట్టుకున్నవాళ్ల తిట్లు. నా నోట్లో కుంకుమ, మన్ను, రక్తం. ప్రభువా అని లోపలే పిలిచాను. లోపల ఎవడూ చూడడు అన్నాడు బావ. చూడాలని పిలిచాను.

అప్పుడు ఒక కేక. మనిషి కేకలా లేదు.

అత్త. జుట్టు విరబోసుకుంది. నర్సన్న పెళ్లాం చేతుల్లోంచి బోనం గుంజుకుని నెత్తిన పెట్టుకుంది. ఊగుతోంది. కళ్లు పైకి పోయాయి. వేపకొమ్మ తీసుకుని ముందు నర్సన్న ముఖం మీద కొట్టింది. చెంప చీరుకుపోయింది. నా జుట్టు పట్టుకున్నవాడి చేతి మీద కొట్టింది.

"ఎవడ్రా నా బిడ్డ ఎంటికలు వట్టింది! ఉడికిన చెయ్యి వెట్టి నాకు పండుగ చేస్తరా! గుంజుకొచ్చిన బోనం నాకెందుకురా!"

డప్పులవాళ్లు భయంతో వాయించడం మొదలుపెట్టారు. ఆడవాళ్లు ఆమె కాళ్ల మీద నీళ్లు పోశారు. నా జుట్టు వదిలేశారు. అందరికంటే ముందు నర్సన్నే చేతులు జోడించాడు. చెంప మీద రక్తం తుడుచుకోకుండానే. "తల్లీ, శాంతించు తల్లీ."

"నా ఇంటి నల్లా బంద్ వెట్టినోడెవడు?"

"ఇగ వెట్టం తల్లీ."

"మల్ల వెడ్తె ఊరు మిగలది!"

గంగవ్వ నన్ను లేపి ఇంట్లోకి తీసుకొచ్చింది. తలుపు వేసింది. ఆయన నా నోరు కడిగాడు, ఎడమ చేత్తో. ఎర్ర నీళ్లు. బయట అత్త గొంతు, డప్పులు, చాలాసేపు.

నేను పిలిచింది ఒకరిని. వచ్చి విడిపించింది... ఇది అమ్మగారికి ఎలా చెప్పను?

మార్చి 9

అత్తకు జ్వరం. గొంగడి కప్పుకుని పడుకుంది. గంజి పోశాను.

"నిన్న నేనేమన్న అన్ననా?" అంది.

"నల్లా సంగతి అన్నవ్."

"అవునా? ఎల్లమ్మకు అన్ని ఎరుకే" అని గోడ వైపు తిరిగింది.

కాసేపటికి ధైర్యం చేసి అడిగాను. "నిజంగనే వచ్చిందా అత్తా?"

"నీకెందుకు? నువ్వు మొక్కవు గద." మళ్లీ నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అంతమంది నడుమ గట్ల మాట్లాడినవ్. నోట్లె నాలిక లేదనుకున్న నీకు. మరి నీ మీదికెవలొచ్చిండ్రు?"

ఆమె నవ్వింది. దగ్గు వచ్చింది. వీపు నిమిరాను.

నల్లా వచ్చింది. ఇవాళ ఆ నీళ్లు తాగాను.

మార్చి 10, మంగళవారం

రేపు బోధన్ పోవాలి. జారలేదని పోలీస్ స్టేషన్‌లో చెబుతానన్నాడు ఆయన. అందరి ముందు చెప్పినదానివి నువ్వే, సాక్షి నువ్వే అన్నాడు. అయ్యగారు కూడా వస్తాడట, మూతి కుట్లతో.

మధ్యాహ్నం సాయిలు బావ వచ్చాడు. లోపలికి రాలేదు, అరుగు మీదే.

"నన్ను గూడ అడుగుతరు. ఏం చెప్పాలె నేను?"

"సూసింది చెప్పు బావా."

నన్ను కొత్తగా చూశాడు. "నీ ప్రాణం నిలవెట్టిన గదనే ఆ దినం."

"నిలవెట్టినవ్. మర్చిపోను."

లేచేటప్పుడు అన్నాడు. "నర్సన్న ఏమంటున్నడో ఎరుకేనా? పూనకం ఒక్క దినమే ఉంటదట. రేపు ఎవలొస్తరో సూస్త అంటున్నడు."

"నువ్వొస్తవా?"

అరుగు దిగి పోయాడు.

మార్చి 11, పొద్దున

బస్సుకు ఇంకా టైముంది. ఆయనకు అంగీ తొడిగాను. కాలిన చేతికి గుండీ పెట్టలేదు, మడిచి వదిలాను. పోలీసులు చూడాలి కదా. అత్త జ్వరంలోనే లేచి రొట్టెలు చేసి మూట కట్టింది.

ఇవాళ ప్రార్థనకు మాటలు వచ్చాయి. కొన్నే.

బయట ట్రాక్టర్ చప్పుడు. చెరకు బండ్లు పోయే వేళే కదా అనుకున్నాం. పోలేదు. మా వాకిట్లోనే ఆగింది. ఇంజిన్ ఆపలేదు. డీజిల్ వాసన లోపలికి వస్తోంది. ఎవరో దిగారు. ఒక్కరే కాదు. బావ గొంతు ఉందేమోనని విన్నాను, మంచి చెవితో. తెలియడం లేదు.

అత్త కొడవలి వెతుకుతోంది. ఆయన లేచాడు. ఎడమ చెయ్యి గడియ మీద వేశాడు.

"నువ్వు కూసో" అన్నాను. "నేను తీస్త."